చోటిచ్చే గొంతు

2006 ఫిబ్రవరిలో జపాన్‌లో ఒక గొంతు అమ్మకానికి వచ్చింది. పేరు కైటో. అది పాడే సాఫ్ట్‌వేర్. మాటలు, స్వరాలు కంప్యూటర్‌లో పేర్చి ఇస్తే మగగొంతుతో పాడి పెడుతుంది. సప్పోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా దాన్ని బజారులో పెడితే, మొదట్లో కొన్నవాళ్లు ఓ 500 మంది. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోక మూలన పడింది. రెండేళ్లు తిరిగేసరికి అదే గొంతు కోసం జనం పాటలు కట్టడం, బొమ్మలు గీయడం, కథలు అల్లడం మొదలుపెట్టారు. ఈలోగా ఆ గొంతు ఏమీ మెరుగుపడలేదు. డబ్బాలో ఉన్నది అదే డిస్కు. మరి ఏం మారింది?

బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో కూర్చుని జపాన్ గొంతుల గురించి ఆలోచించడమేమిటని అడిగేవాళ్లున్నారు. ఏం మారిందన్న ప్రశ్నకు సగం జవాబు నాకు బస్తర్‌లోనే దొరికింది. మిగతా సగం ఇప్పుడు బస్తర్‌కు అవసరం.

మా మేనకోడలు ఇక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. చెవిలో మాత్రం ఎప్పుడూ హాత్సునే మికు. "అంత కీచుగొంతు ఎలా వింటావే?" అని అడిగితే, "మావయ్యా, నువ్వు గొంతు దగ్గరే ఆగిపోతున్నావు. ఈ పాట కట్టినవాడికి పాడేవాళ్లెవరూ దొరకలేదు, తెలుసా?" అంది. ఆ పిల్ల మాట పట్టుకునే నేను ఈ గొంతుల చరిత్రలోకి వెళ్లాను.

కైటోను అమ్మిన క్రిప్టన్ నుంచే మికు అనే ఈ పాడే గొంతు 2007 ఆగస్టు 31న విడుదలైంది. లోపలున్న యంత్రం పేరు వోకలాయిడ్. యమహా కంపెనీ, బార్సెలోనాలోని పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం కలిసి 2000 నుంచి పనిచేసి దాన్ని తయారు చేశాయి. ఒక మనిషి చేత అక్షరాలను, అక్షరం నుంచి అక్షరానికి జారే సందులను వేర్వేరు శ్రుతుల్లో పలికించి రికార్డు చేస్తారు. వాటిని ముక్కలుగా కోసి దాచుకుంటారు. పాట కట్టేవాడు తెర మీద స్వరాలు గీసి, ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం తగిలిస్తే, యంత్రం ఆ ముక్కలను అతికి పాడుతుంది. ఎక్కడ గమకం రావాలో, ఎక్కడ గొంతు బరువెక్కాలో పాట కట్టేవాడే మీట తిప్పి సరిచేసుకోవాలి. మికుకు ఆ ముక్కలిచ్చింది సాకీ ఫుజితా అనే డబ్బింగ్ నటి. డబ్బా మీది బొమ్మ కేయి అనే చిత్రకారుడిది: పచ్చనీలం రంగు జుట్టు, రెండు పొడుగాటి జడలు, వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు. కంపెనీ ఆమె గురించి చెప్పింది దాదాపు అంతే. ఆమెకు కథ లేదు, ఊరు లేదు, అమ్మానాన్నలు లేరు. ఆ ఖాళీని చూసే జనం ఆమె దగ్గరికి వచ్చారని నా నమ్మకం.

దీనికి ముందు 2004లో లియాన్, లోలా అని ఇంగ్లిష్ గొంతులు వచ్చాయి. వాటిని తెచ్చిన జీరో-జీ అనే బ్రిటిష్ కంపెనీ వాటిని సోల్ సంగీతం పాడే గాయకులుగా అమ్మజూపింది. స్టూడియోకి మనిషిని పిలిచే ఖర్చు తప్పుతుందన్నది అందులోని ఆశ. మనిషికి బదులుగా నిలబెట్టిన గొంతును విన్నవాళ్లంతా మనిషితోనే పోల్చారు. పోల్చినప్పుడు యంత్రం ఓడిపోక తప్పదు. మికును ఎవరికీ బదులుగా తీసుకురాలేదు. ఆమె యంత్రమని డబ్బా మీద బొమ్మే చెబుతోంది, తొలి పాటల్లో ఆమే చెప్పుకుంది. అందుకే ఆమె గొంతులోని కీచుదనం తప్పుగా అనిపించలేదు, ఆమె తీరు అనిపించింది.

బొమ్మ వేస్తే చాలు అనుకుందామా అంటే కైటో డబ్బా మీద కూడా నీలం జుట్టు కుర్రాడి బొమ్మ ఉంది. 2004 నవంబరులో వచ్చిన మేయికోకూ బొమ్మ ఉంది. ఆమె కాస్త అమ్ముడుపోయింది, అతను పోలేదు. వీళ్లిద్దరికీ దొరకనిది మికుకు ఒకటి దొరికింది, కూడలి. 2006 డిసెంబరులో జపాన్‌లో నికోనికో డౌగా అనే వీడియో వేదిక మొదలైంది. అక్కడ చూసేవాళ్ల మాటలు వీడియో మీదుగానే పరుగెత్తుతాయి. మికు వచ్చిన కొద్ది రోజులకే ఒకరు ఆమె చేత ఫిన్లండ్ జానపదం ఒకటి పాడించి, చేతిలో ఉల్లికాడ లాంటిది పెట్టి వీడియో వదిలారు. ఆ కాడ ఈనాటికీ ఆమె చేతిని వదల్లేదు. కంపెనీ ఇవ్వని ఆ కాడను అభిమానులు ఇచ్చారు. ఒకరు కట్టిన పాటకు ఇంకొకరు బొమ్మ గీశారు, మరొకరు ఆ బొమ్మను ఆడించారు, నాలుగో మనిషి ఆ పాటను సొంత గొంతుతో పాడి మళ్లీ పెట్టారు. ఏడాది లోపే 40 వేల డబ్బాలు అమ్ముడయ్యాయి.

ఇక్కడ క్రిప్టన్ చేసిన పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. తమ బొమ్మను జనం ఇష్టమొచ్చినట్టు వాడుకుంటుంటే ఇంకో కంపెనీ అయితే లాయర్ని పిలిచేది. వీళ్లు 2007 డిసెంబరులో పియాప్రో అనే చోటు తెరిచారు. లాభం కోసం కాకపోతే బొమ్మ గీసుకోండి, మార్చుకోండి, ఒకరి పని మీద ఇంకొకరు పని చేసుకోండి, చేసినవాళ్ల పేరు చెప్పండి, అన్నారు. అలా మికు కోసం వచ్చిన జనం ఆమెతో జతగా పాడే మగగొంతు కోసం వెతికారు. మూలన పడ్డ కైటో అప్పుడు బయటికొచ్చాడు.

ఇంకో గొంతు సంగతి చెప్పకుండా ఉండలేను. 2008 ఏప్రిల్ 1న జపాన్ కుర్రకారు కొందరు లోకాన్ని ఏప్రిల్ ఫూల్ చెయ్యాలని లేని గొంతు ఒకటి సృష్టించారు. పేరు కాసానే తేతో. ఎర్రటి జుట్టు, స్ప్రింగుల్లా చుట్టుకున్న జడలు. కొత్త వోకలాయిడ్ వస్తోందని అబద్ధపు ప్రకటన వేశారు. వేళాకోళం ఆ రోజుతో ముగియాలి. కానీ జనానికి ఆ పిల్ల నచ్చింది. అదే ఏడాది ఊతావు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. మైకు ముందు కూర్చుని అక్షరాలు పలికే ఓపిక ఉంటే ఎవరైనా తమ గొంతును అందులో పెట్టుకోవచ్చు. తేతోకు గొంతిచ్చిన మనిషి అక్షరాలన్నీ పలికి పెట్టారు. లేని గొంతు ఉన్న గొంతయింది. 2023లో ఆమెకు కొత్త తరం యంత్రంలో చోటు దొరికింది. ఇప్పుడు ఆమె పాటలు కోట్ల మంది వింటున్నారు. ఆమె వెనక పెద్ద కంపెనీ లేదు. ఆమె ఉండాలని కోరుకున్నవాళ్లే ఆమెను పదిహేనేళ్లు నిలబెట్టారు.

ఇక బస్తర్ సంగతి.

మురియా గోండుల నమ్మకంలో సంగీతానికి మూలపురుషుడు లింగో పెన్. యువతీయువకులు కలిసి ఆడిపాడే గోటుల్‌ను స్థాపించింది ఆయనే. వెరియర్ ఎల్విన్ 1947లో అచ్చువేసిన గోటుల్ గ్రంథంలో ఆ గాథలున్నాయి. లింగో పద్దెనిమిది వాయిద్యాలు ఒకేసారి వాయించేవాడట. రెండు చేతులూ ఒక నోరూ ఉన్న మనిషికి అది సాధ్యం కాదని వినేవాళ్లకు తెలుసు. తెలిసే ఆయన్ను ప్రేమించారు. మికు అభిమానులు ప్రేమించినదీ ఇలాంటిదే. ఊపిరి తీసుకోనక్కర్లేని గొంతు దొరికిందని తెలియగానే పాటలు కట్టేవాళ్లు ఎక్కడా ఆగని పాటలు కట్టారు. కాస్మో కట్టిన 'హాత్సునే మికు అంతర్ధానం' మనిషి నోరు తిరగనంత వేగంగా పోతుంది. 2019లో చిన్న వయసులోనే పోయిన వోవాకా పాటలూ అంతే, ఊపిరాడనివ్వవు. వింతేమిటంటే, కొన్నాళ్లకు మనుషులు ఆ పాటలు నేర్చుకున్నారు. అడో లాంటి గాయనులు వాటి మీదే గొంతు సానపెట్టుకుని పైకొచ్చారు. మనిషిని అనుకరించడానికి పుట్టిన యంత్రం వెనక మనిషి గొంతు పరుగెత్తింది.

గోటుల్ పాటలకు రచయిత పేరుండదు. ఒకరు ఎత్తుకుంటే వరస అందుకునేది అందరూ. పాట ఎవరిదని అడిగితే జవాబు రాదు. పాట అంటే నలుగురూ చెయ్యి వేసి మార్చుకునేదన్న ఆలోచన జపాన్ కుర్రాళ్లకు 2007లో కొత్త. ఇక్కడది పాతకాలం నాటిది. అయినా ఒక మనిషి గొంతును కోరి పిలుచుకోవడం బస్తర్‌లోనూ ఉంది. కొండగావ్ వైపు లక్ష్మీ జాగర్ పాడే గురుమాయిలున్నారు. కుండ మీద చేట, చేట మీద గాట్లు కోసిన విల్లు పెట్టి, వెదురు పుల్లతో రాస్తూ వాయించే ధన్‌కుల్‌తో ధాన్యలక్ష్మి కథను రోజుల తరబడి పాడతారు. గురుమాయి సుక్‌దయీ పాడిన జాగర్‌ను కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా పండితుడు క్రిస్ గ్రెగరీ కలిసి 2003లో పుస్తకంగా తెచ్చారు. కథ అందరికీ తెలిసిందే. అయినా ఫలానా గురుమాయే రావాలంటారు. నాకు అర్థమైనంతలో తీపిగొంతు అందుకు కారణం కాదు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లకు తమ గొంతు కలపడానికి సందు ఇచ్చే గురుమాయినే ఊరు మళ్లీ పిలుస్తుంది.

అయితే ఊరంతా పాడే చోట యంత్రం గొంతు ఎందుకు? ఈ అభ్యంతరం నాదే. చాలాకాలం దీనికి నా దగ్గర సమాధానం లేదు. మికు ఎవరికి అవసరమైంది? పాట ఉండి పాడేవాళ్లు లేని ఒంటరికి. హాచి అనే పేరుతో మికు పాటలు కట్టిన కెన్షి యోనెజు తర్వాత జపాన్‌లో పేరుమోసిన గాయకుడయ్యాడు. మొదట అతనికి దొరికిన గొంతు ఆమెదే. గోటుల్ ఉన్న ఊళ్లో అలాంటి ఒంటరితనం ఉండదు.

ఉండదు అన్న మాట ఇప్పుడు నిలబడదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్ ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేల కుటుంబాలు శబరి, గోదావరి దాటి ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లోకి వచ్చి పడ్డాయి. అక్కడివాళ్లు వాళ్లను గొత్తికోయలంటారు. ఆ పిల్లలు తెలుగు బడిలో చదువుతారు, ఇంట్లో కోయ మాట్లాడతారు. పాడుకునే ముంగిలి మాత్రం వెనక ఉండిపోయింది. ఇటు దంతెవాడ, సుక్మా, బీజాపూర్‌లలో ఊరికి దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో ఉండి హిందీలో చదివే పిల్లలున్నారు. పాట తలలో ఉంటుంది, వరస అందుకునేవాళ్లు పక్కన ఉండరు. ఈ పిల్లల్ని తలచుకున్నప్పుడే నా అభ్యంతరం నిలవలేదు.

బస్తర్‌లో యంత్రం ద్వారా గొంతు వినిపించే పని కొత్తది కాదు. 2010లో శుభ్రాంశు చౌధరి, మిత్రులతో కలిసి సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. ఒకటి నొక్కితే మన మాట రికార్డవుతుంది, రెండు నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. చేతిపంపు పాడైందని, జీతం రాలేదని చెప్పడానికి పెట్టిన ఆ నంబరులో జనం పాటలు కూడా పాడారు. ఇంటర్నెట్ లేని ఊళ్లకు ఆ రికార్డులను ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు బ్లూటూత్‌లో పంపే ఏర్పాటుకు బుల్టూ రేడియో అని పేరు వచ్చింది. స్టూడియో గొంతులు కావవి. వెనక కోళ్లు కూస్తుంటాయి. అయినా విన్నారు, ఎందుకంటే రేపు తామూ ఒకటి నొక్కవచ్చు.

తర్వాత ఆదివాసీ రేడియో అనే యాప్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, నవా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీ, సీజీనెట్ స్వర కలిసి చేసిన పని అది. దేవనాగరిలో రాసిన గోండీని యంత్రం చదివి వినిపిస్తుంది. గోండీ కోసం తయారైన గొంతు అప్పటికి లేదు కాబట్టి హిందీ యంత్రం చేత చదివించారు. గోండీ మన ద్రావిడ కుటుంబంలోది. ఎ-ఏ, ఒ-ఓల తేడా దానికి ప్రాణం. హిందీ నోటికి ఆ తేడా తెలియదు, పదం చివరి అకారాన్ని మింగేస్తుంది. అర్థం అవుతుంది, కానీ ఇంటి గొంతు కాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఆది వాణి అనే అనువాద యాప్‌ను ప్రయోగ దశలో విడుదల చేసింది. సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండీ కూడా ఉంది. ఐఐటీ ఢిల్లీ ముందుండి నడిపిన ఆ బృందంలో బిట్స్ పిలానీ, నవా రాయ్‌పూర్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది తమ భాష గోండీ అన్నారు. అంత పెద్ద భాషకు ఇప్పుడైనా ఈ పని జరగడం సంతోషం. నా బెంగ ఒకటే. ఈ గొంతులు ప్రభుత్వ పథకాలు చదువుతాయి, ప్రసంగాలు అనువదిస్తాయి, పిల్లల చేతికి మాత్రం రావు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటూ కూర్చునే గొంతుకు అభిమానులుండరు, శ్రోతలే ఉంటారు.

బస్తర్ గొంతు ఒకటి దేశమంతా మోగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సుక్మా జిల్లా కుర్రాడు సహదేవ్ 2019లో బడిలో పాడిన పాట 2021లో ఫోన్లన్నిటికీ పాకింది. ర్యాపర్ బాద్‌షా దాన్ని కొత్తగా కట్టాడు. ఆ పిల్లవాడి గొంతు శిక్షణ పొందింది కాదు. ఆ బిగదీసిన, ఎగుడుదిగుడు లేని పలుకు మీద లక్షల మంది తమ ఆట, తమ పెదవులు కలుపుకున్నారు. అక్కడా పనిచేసింది చోటే. అయితే ఆ పాట అతని భాషలోది కాదు. అంత మందిని కట్టిపడేసిన గొంతు తన ఊరి మాటలో ఒక్క చరణం వినిపించే అవకాశం ఆ సందడిలో రాలేదు. నాకది ఇప్పటికీ బాధే.

గొంతు ఎవరిదన్న లెక్క కూడా తేల్చుకోవాలి. 2023లో వచ్చిన కీడా కోలా సినిమాలో ఎస్పీ బాలు గారి గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో పలికించారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. 2024లో ఏఆర్ రెహమాన్ లాల్ సలామ్ తమిళ చిత్రంలో, లోకం విడిచిన ఇద్దరు గాయకుల గొంతులు వాడి, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చానని చెప్పారు. న్యాయపరంగా ఈ రెండింటి మధ్య తేడా పెద్దది. వినేవాడి వైపు నుంచి నాకు తోచేది ఇంకొకటి. బాలు గారి గొంతులో మనకు చోటు లేదు. అది నిండా ఆయనే. శంకరాభరణం శంకరశాస్త్రి నుంచి చివరి రోజుల దాకా ఆయన పాడినదంతా అందులో ఉంది. దాన్ని ఎంత అచ్చంగా తయారు చేస్తే అంత వెలితి తెలుస్తుంది. మికు సాకీ ఫుజితా గొంతు నుంచే వచ్చింది, కానీ మికును విన్నవాళ్లెవరూ ఫుజితాను వెతుక్కోరు. ఆమె బతికుండగా, తెలిసి, ఇష్టపడి ఇచ్చిన ముక్కలవి. ఆ ముక్కలతో ఇంకో మనిషి పుట్టింది. ఎంత అచ్చంగా ఉందన్నది గొంతును జనం గుండెకు చేర్చదు, ఎంత చోటిచ్చిందన్నదే చేరుస్తుంది. ఇంతవరకూ తెలుగుకు కూడా అధికారికంగా ఒక వోకలాయిడ్ గొంతు లేదు. మనకే లేనిది గోండీకి ఎలా అని నిట్టూర్చనక్కర్లేదు. గోండీకే ముందు రావచ్చు, తప్పేమీ లేదు.

పని చిన్నది కాదని నాకు తెలుసు. జపనీస్‌లో అక్షరాలు తక్కువ, తేలిక. మన భాషల్లో హ్రస్వ దీర్ఘాలు, ట-డ-ణ-ళలు, ద్విత్వాలు ఉన్నాయి. రికార్డు చేయాల్సిన జాబితా చాంతాడంత అవుతుంది. పైగా గోండీ ఒకటి కాదు. ఆదిలాబాద్ గోండు మాట అబూజ్‌మాడ్ వాళ్లకు సులువుగా అందదు, దోర్లా మాట వేరు. తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు, ఇక్కడ దేవనాగరిలో. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన లిపి కూడా ఉంది. అందుకే ఒక పెద్ద గొంతు కంటే ఊతావు దారి మేలనిపిస్తుంది. ఒక్కో మాండలికంలో ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు అక్షరాలు పలికి పెట్టుకునే చిన్న చిన్న గొంతులు రావాలి.

హైదరాబాద్‌లో, నవా రాయ్‌పూర్‌లో ఈ పని చేస్తున్నవాళ్లను నేను అడిగేది ఇది. చదవడం నేర్పిన గొంతుకు పాడటం కూడా నేర్పండి. అక్షరాలిచ్చే అమ్మాయికి ఏం చేయబోతున్నారో ఆమె భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోండి. డబ్బివ్వండి, ఆమె వద్దనకపోతే పేరు మొదటి తెర మీదే వేయండి. బొమ్మ నారాయణపూర్ కళాకారుల చేతులకు వదలండి. గాలిలో ఊపితే మోగే వెదురు పిల్లనగ్రోవి సులూర్‌కు, కొయ్య చెక్కడానికి 2025లో పద్మశ్రీ అందుకున్న పండీరామ్ మండావీ ఊరు అటే. ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా, సొమ్ము కట్టనక్కర్లేకుండా, ములుగు నుంచి కొంటా దాకా హాస్టల్ పిల్లల ఫోన్లలో పెట్టండి. ఆపైన వాళ్లు ఆ గొంతు చేత ఏం పాడించినా దిద్దకండి.